ఏ సైకిలు, మాస్టారూ?

మూడు నెలలుగా నీలవేణి ఒక్క సైకిలు ఎంచుకోలేక సతమతమవుతోంది.

మదనపల్లెలో ఆమె లెక్కల టీచరు. ఆదివారం తెల్లవారితే చాలు, హార్స్‌లీ కొండ చుట్టూ ఉన్న కాలిబాటల్లో సైకిలు తొక్కుతూ ఉంటుంది. ఏడాదికోసారి అదే కొండ మీద పందెం జరుగుతుంది. కిందటేడు ఎక్కుడంతా నాలుగో స్థానంలో తొక్కుకుంటూ వచ్చి, దిగుడులో గుండ్ల మెట్ల దగ్గర ఆగిపోయింది. రాతిగుండ్లు ఒకదాని కింద ఒకటి మెట్లలా పడి ఉన్న చోటు అది. బండి దిగి, దాన్ని నడిపించుకుంటూ వస్తుంటే ఏడుగురు పక్కనుంచి దూసుకుపోయారు. ఆ చక్రాల చప్పుడు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

తప్పు పాత బండిదే అనుకుంది. కొత్తది కొనాలి. కానీ ఏది?

బెంగళూరు షాపులో రెండు చూసి వచ్చింది. ఒకటి తేలిక. ముందు చక్రానికే స్ప్రింగులుంటాయి. పందెంలో ఎక్కుడుకు దానికి సాటి లేదన్నారు. రెండోదానికి ముందూ వెనకా స్ప్రింగులే. బరువెక్కువ, కానీ ఎంత రాయినైనా మింగేస్తుందన్నారు. ఆదివారాలకు ఒకటి, పందేనికి ఒకటి కొనే వీలు లేదు. రెండింటికీ పనికొచ్చేది ఒక్కటే కావాలి.

చివరికి నోటుపుస్తకం పట్టుకుని అంగళ్లులోని ఖాజా మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఒకప్పుడు ఆమె చదివిన స్కూల్లో డ్రిల్లు మాస్టారు. కొండబాటలో సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. ఇప్పుడు అరవై ఏడేళ్లు. రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేస్తుంటారు. చక్రం తిప్పి, కళ్లు మూసుకుని విని, ఏ చువ్వ వదులైందో చెప్పేస్తారు. ఆ చెవి కోసమే బెంగళూరు నుంచి కూడా మనుషులు వస్తారు.

నోటుపుస్తకంలో నీలవేణి గళ్లు గీసి బరువులు, కొలతలు, మంచీచెడ్డా అన్నీ రాసింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ప్రతి పేజీ చూశారు.

“మీరే చెప్పండి మాస్టారూ. ఏది కొనమంటారు?”

“దస్తూరీ బాగుంది బిడ్డా,” అన్నారాయన. “ఆదివారం పాత బండి తీసుకుని కొండకాడికి రా.”

ఆదివారం ఆమె వెళ్లేసరికి మాస్టారు స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు. జేబులోంచి ఒక నూలుదారం తీసి, బండి ముందు ఫోర్కులో మెరిసే గొట్టానికి అడుగున చుట్టి ముడివేశారు. చక్రం రాయిని తాకినప్పుడల్లా కింది గొట్టం పైకి లేస్తుంది, దారాన్ని తోస్తుంది. గొట్టం మళ్లీ కిందికి దిగినా దారం పైనే ఉండిపోయి, స్ప్రింగు ఎంత నొక్కుకుందో చూపిస్తుంది.

“నీ దారిలో ఒక చుట్టు తొక్కి రా. ఎప్పుడూ తొక్కినట్టే తొక్కు.”

ఆమె తొక్కి వచ్చింది. ఇద్దరూ వంగి చూశారు.

“ఎంతవరకు వచ్చింది?”

“సగం, మాస్టారూ.”

ఆయన “ఊఁ” అని, దారాన్ని మళ్లీ అడుగుకు జరిపి, గుండ్ల మెట్ల వైపు నడిచారు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన కొంచెం కుంటుతారు. నీలవేణి బండి తోసుకుంటూ వెనకే వెళ్లింది. మెట్ల పైఅంచుకు చేరగానే ఆమె ఆగిపోయింది.

“ఇక్కడ ఈ బండి దిగదు మాస్టారూ. ఈ స్ప్రింగులు చాలవు.”

మాస్టారు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకున్నారు. సీటు నాలుగు వేళ్ల మేర దించారు. ఏం చేయబోతున్నారో ఆమెకు అప్పుడు అర్థమైంది.

“మాస్టారూ, మీ మోకాలు...”

“అదీ పాతదే,” అని ఆయన బండెక్కారు.

నడిస్తే కుంటే మనిషి సైకిలు మీద నీళ్లలా జారిపోయాడు. గుండు గుండుకీ నడుము వెనక్కి వాల్చి, మోచేతులు చాపి ముడిచి, బ్రేకు మీద ఒక్క వేలితోనే దిగిపోయారు. రాళ్లు ఆయన కోసం పక్కకు జరుగుతున్నట్టే అనిపించింది.  పడిపోతారన్న భయం కూడా నీలవేణి మర్చిపోయింది. అంత అందంగా ఎవరైనా సైకిలు దిగగలరని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

పరుగెత్తుకుంటూ కిందికి వచ్చింది. ఆయన మోకాలు రుద్దుకుంటూ, రొప్పుతూ నవ్వుతున్నారు. దారం పైకొసకు చేరి ఉంది. ఒక వేలు మందం మిగిలిందంతే. అంటే ఈ మెట్లకూ ఆ పాత స్ప్రింగులు చాలాయి.

మాస్టారు బొటనవేలితో దారాన్ని కిందికి నెట్టి, హ్యాండిలు ఆమె చేతికిచ్చారు.

మొదటిసారి ఆమె రెండో గుండు మీదే కాలు దింపేసింది. రెండోసారి పొదలో పడి మోచెయ్యి చెక్కుకుపోయింది. మూడోసారి ఏడుపొచ్చింది. ఆయన ఒక రాయి మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. జాగ్రత్త అనలేదు, శెభాష్ అనలేదు. నాలుగోసారి చివరి గుండు దాటి చదునైన నేల మీద ఆగినప్పుడు, తను దిగేసిందని ఆమెకే నమ్మకం కుదరలేదు.

కూర్చుని దారం చూసుకుంది. ఈసారీ వేలు మందం మిగిలే ఉంది.

సంచిలోని నోటుపుస్తకం ఆ రోజు బయటికి రాలేదు. ఆయనా అడగలేదు.

ఆ తర్వాత ఎనిమిది ఆదివారాలు ఆమె గుండ్ల మెట్ల మీదే గడిపింది. పందేనికి పాత బండితోనే వెళ్లింది. ఎక్కుడులో నలుగురు ఆమెను దాటి ముందుకు పోయారు. ప్రతి మలుపులోనూ బండి బరువు ఎలా వెనక్కి లాగుతోందో ఆమె తొడలకు తెలుస్తూనే ఉంది. మెట్ల దగ్గర ఆ నలుగురిలో ఇద్దరిని దాటింది. మూడోదిగా వచ్చింది.

మర్నాడు బెంగళూరు షాపులో రెండు బండ్లనూ ఒక్కోసారి ఎత్తి చూసింది. తేలికదాన్ని పక్కకు పెట్టమంది.

“రాళ్ల మీద వెనక బాగా కుదుపుతుంది మేడమ్,” అన్నాడు షాపతను.

“తెలుసు. ఎక్కడెక్కడ కుదుపుతుందో కూడా తెలుసు.”

శనివారం సాయంత్రం కొత్త బండి మీద అంగళ్లు వెళ్లింది. ఇది ఎందుకు కొన్నావని మాస్టారు అడిగితే చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకుంది. ఆయన అడగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు గుడ్డతో శుభ్రంగా తుడుచుకుని ఆమె ఎదురుగా నిలబడ్డారు.

“పందెంలో చూసినా. మూడో గుండుకాడ నువ్వు ఎడమకు పోయినావు. ఇరవై ఏళ్లుగా నేను కుడికే పోతాండా. ఎడమకు దారి ఉందని నాకు తట్టనే లేదు.”

నీలవేణి బండిని షెడ్డు గోడకు ఆనించింది.

“రేపు ఆదివారం కదా,” అన్నారు మాస్టారు. “నాకు నేర్పిస్తావా, బిడ్డా?”