ఎర్ర నాచుకు దండం పెట్టిన ఎల్లాజీ

కాళ్ళు ముడుచుకో బుజ్జీ, దుప్పటి నేను కప్పుతాలే. అనగనగా, ఇంట్లో కూర్చున్నా అలల చప్పుడు వినపడే ఒక ఊళ్ళో ఎల్లాజీ అని ఒక జాలరి ఉండేవాడు. అతని పెళ్ళాం పోలమ్మ. వాళ్ళకున్నదల్లా ఒక తెప్ప, ఒక వల.

ఎల్లాజీ ఎంత మంచివాడంటే, వల లాగగానే మొదట చేతికొచ్చింది ఏదైనా సరే సముద్రానికే తిరిగిచ్చేవాడు. "గంగమ్మ తల్లీ, ఇది నీ వాటా" అని దండం పెట్టేవాడు.

అప్పుడేమైందీ, ఏ దూరదేశపు ఓడ అడుగున అతుక్కుని వచ్చిందో, ఒక ఎర్ర నాచు ఆ సముద్రంలో పడింది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉండేదో! మొదటి నెల వలలో నాచు కాస్త, చేపలు బోలెడు. రెండో నెల నాచు బోలెడు, చేపలు కాస్త. మూడో నెల ఉత్త నాచే. మరి మొదట చేతికొచ్చింది అదే కదా? మన ఎల్లాజీ రోజూ గుప్పెడు నాచు తుంచి, కళ్ళకద్దుకుని మరీ నీళ్ళలో వదిలాడు. పిచ్చి మారాజు!

ఆ తర్వాత చేపలు గుడ్లు పెట్టుకునే రాళ్ళ గుట్టంతా నాచు కప్పేసింది. ఇంట్లో కూర లేదు. ఇద్దరూ గంజిలో ఉప్పు వేసుకుని తాగారు.

ఒకనాడు పోలమ్మ పీతలు వేసే ఉప్పునీళ్ళ గోలెంలో చిన్న నాచు ముక్క పడింది. వారానికి అది గుప్పెడయింది. ఏమవుతుందో చూద్దామని పోలమ్మ దాన్ని మూడు ముక్కలు చేసి మళ్ళీ గోలెంలోనే వేసింది. ఇంకో వారానికి మూడూ మూడు గుప్పెళ్ళయ్యాయి. పోలమ్మ మొగుణ్ణి గోలెం దగ్గరికి లాక్కొచ్చింది.

"ఏమయ్యో, నువ్విచ్చేది వాటా కాదు. నాచు నాటుతున్నావు!" అంది.

ఎల్లాజీ కూలబడిపోయాడు. "తల్లి నోట్లో నేనే మట్టి కొట్టానే" అని ఏడ్చాడు.

"ఏడిస్తే నాచు పోద్దా? లే" అంది పోలమ్మ.

అప్పుడు ఇద్దరూ తెప్పెక్కారు. ఆడది తెప్పెక్కడమేంటని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ! అతను మునిగి నాచు పీకేవాడు, ముక్క కూడా జారకుండా ఆమె గంపలో పట్టేది. ఒడ్డున ఎండబెట్టి కొబ్బరి మొక్కలకి ఎరువు వేసేది. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, చలికాలమూ పోయింది. ఆ తర్వాత రాళ్ళు బయటపడ్డాయి, చేపలు తిరిగొచ్చాయి.

ఆ పూట పోలమ్మ చేపల పులుసు పెట్టింది. మొదటి ముద్దకే ఎల్లాజీకి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ సముద్రానికే దండం పెట్టాను. ఈ ముద్ద నువ్వు పెట్టిందే పోలమ్మా" అని ఎంగిలి చేత్తోనే చేతులు జోడించాడు.

"సాల్లే, ముల్లుంటాది, సూసుకు తిను" అంటూనే పోలమ్మ ఇంకో ముక్క వేసింది.

కథేమో కంచికి,
తెప్పేమో ఒడ్డుకి,
పులుసేమో బొజ్జకి,
బుజ్జేమో నిద్రకి.