గంగులు దాచుకున్న పాట

అనగనగా ఒక అడవి. అడవన్నాక పులులూ సింహాలూ ఉంటాయి గానీ, మన కథ వాటిది కాదు. గంగులు అనే ఉడుముది. ఊఁ కొడుతూ వినండి మరి, మధ్యలో నిద్రపోతే నాకు చెడ్డ కోపం వస్తుంది!

ఆ అడవిలో పాటంటే కోకిలమ్మ పాటే. పెళ్లికైనా ఆమే, పేరంటానికైనా ఆమే. ఏళ్ల తరబడి అవే పాటలు. వినీ వినీ గంగులుకి విసుగొచ్చేసింది. ఒకనాటి సాయంత్రం వాడు తిండి వెతుక్కుంటూ కొండ వెనక లోయలోకి దిగాడు. అక్కడ ముగ్గురు కూర్చుని పాట కడుతున్నారు. గోదురుకప్ప తాయారు పాడుతోంది. వడ్రంగిపిట్ట వీరాచారి ఎండు మోడు మీద ముక్కుతో దరువేస్తున్నాడు. ముళ్లపంది డిల్లేశు తన తోక ముళ్లు గలగలలాడిస్తున్నాడు.

"చీమా చీమా, చెవిలో దూరకే!
దూరితే దూరావు, చిందులు వేయకే!"

ఆ పాట వాళ్లకి ఎవరూ నేర్పలేదు. వాళ్లే కట్టుకున్నారు. గంగులు తోక దానంతటదే ఊగిపోయింది.

"అబ్బబ్బ! ఎవరర్రా మీరు? ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాం బాబాయ్. వినేవాళ్లే లేరు," అంది తాయారు.

ఆ రోజు నుంచి గంగులు సాయంత్రమైతే చాలు, లోయలో వాలిపోయేవాడు. పాడే ముందు తాయారు బురదనీళ్లు పుక్కిలిస్తుందని తెలుసుకున్నాడు. దరువు తప్పితే వీరాచారి అలిగి చెట్టెక్కుతాడని తెలుసుకున్నాడు. సంబరం ఎక్కువైతే డిల్లేశు పక్కవాడికి ముళ్లు గుచ్చేస్తాడని కూడా తెలుసుకున్నాడు. అది మాత్రం చెబితే తెలుసుకున్నది కాదు!

ఒకరోజు తాయారు దిగులుగా అంది. "బాబాయ్, తొలకరి దాకా చూస్తాం. అప్పటికీ ఎవరూ రాకపోతే మా జట్టు ఆపేస్తాం. నేను మా మేనత్త చెరువుకి పోతాను. వీరాచారి గూళ్లు చెక్కుకుంటాడు. డిల్లేశు దుంపలు తవ్వుకుంటాడు. నువ్వు కాస్త నలుగురి చెవినా వెయ్యవూ?"

"ఓస్, అదెంత పని!" అన్నాడు గంగులు.

అన్నాడే గానీ, ఇంటికెళ్లే దారిలో వాడి బుద్ధి వంకర తిరిగింది. 'అందరికీ చెబితే అందరూ వస్తారు. ఇక నా గొప్పేముంది? కనిపెట్టింది నేను! వీళ్లు నావాళ్లు!' అనుకున్నాడు. ఉడుంపట్టు అని ఊరికే అన్నారా? పట్టాడంటే వదలడు.

మర్నాడు లోయ మొదట్లో కుందేలు చిట్టెమ్మ ఎదురొచ్చింది. లోపల వీరాచారి దరువేస్తున్నాడు. "గంగులు మావా, ఆ టకటక ఏంటి? భలేగుందే!" అంది.

"అదా? నా పళ్లమ్మా. చలికి కొట్టుకుంటున్నాయి," అన్నాడు గంగులు.

మండువేసవి! పాపం, చిట్టెమ్మది జాలిగుండె. పరుగున పోయి ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి, వాడి మీద కప్పి, పైన తను కూర్చుంది. గంగులు ఆవిరికుడుములా ఉడికిపోయాడు.

ఆ మరునాడు అడవి వైద్యుడు ఎలుగుబంటి అప్పలస్వామి వచ్చాడు. లోయలో తాయారు గొంతు సవరించుకుంటోంది. "ఆ గురగుర ఎక్కడిదిరా? వింటుంటే హాయిగా ఉంది," అన్నాడు.

"నా కడుపు వైద్యుడు గారూ!" అనేశాడు గంగులు.

"హాయి లేదు, గీయి లేదు. నోరు తెరువు!" అని అప్పలస్వామి గిన్నెడు ఆముదం పట్టించాడు. ఆ సాయంత్రం గంగులు పాట వినలేదు. ఎక్కడికి పరుగెత్తాడో నేను చెప్పను, మీరు నవ్వుతారు.

మూడోనాడు ఏనుగు పెద్దయ్య వచ్చాడు. "ఒరే గంగులూ, లోయలో ఆ గలగల ఏంట్రా? ఓసారి చూసొద్దామా?"

గంగులు దారికి అడ్డం పడ్డాడు. "వద్దు పెద్దయ్యా! దయ్యం! గజ్జెలు కట్టిన దయ్యం!"

ఏనుగే గానీ పెద్దయ్యకి దయ్యమంటే హడల్. లోయ దారికి ముళ్లకంప అడ్డం వేయించాడు. అటు ఎవరూ పోకూడదని అడవంతా చాటించాడు.

ఇంతలో తొలకరి మబ్బు పట్టింది. గంగులు కంపలో దూరి, వీపు గీరుకుంటూ లోయలోకి పోయాడు. అక్కడ దరువు లేదు, గలగల లేదు. తాయారు ఏడుస్తోంది.

"మన పాట విని దయ్యమనుకున్నారట బాబాయ్. దారికి కంప కొట్టారట. ఇంక చాలు, పొద్దుగూకేలోపు ఎవరి దారిన వాళ్లం పోతాం. నువ్వొక్కడివే మావాడివి. అందరికీ చెప్పీ చెప్పీ నీ గొంతు ఎంత నొప్పి పుట్టిందో ఏమో!"

ఆ మాటకి గంగులుకి సిగ్గుతో చచ్చినంత పనైంది. "కాసేపాగు తల్లీ!" అని వెనక్కి పరుగెత్తాడు.

"పెద్దయ్యా! దయ్యం లేదు! అవి పళ్లూ కాదు, కడుపూ కాదు! లోయలో పాట ఉంది, అంతా రండి!" అని అరిచాడు.

చిట్టెమ్మ, అప్పలస్వామి, పెద్దయ్య మొహమొహాలు చూసుకున్నారు. "అయ్యో, దయ్యం వీడికే పట్టేసింది!" అన్నాడు పెద్దయ్య. ఇంకేముంది! వేపమండలు తెచ్చి ఎడాపెడా బాదడం మొదలెట్టారు.

ఎంత చెప్పినా వినరే! చివరికి గంగులు దెబ్బలు తింటూనే పాటెత్తుకున్నాడు. "చీమా చీమా, అమ్మో! చెవిలో, అబ్బా! దూరకే!"

వాడి గొంతు రంపంకోతే. కానీ దెబ్బలు కాస్తా దరువులో పడ్డాయి. పెద్దయ్య తొండం ఊగింది. చిట్టెమ్మ కాళ్లు ఆగలేదు.

"ఆగండాగండి," అన్నాడు అప్పలస్వామి. "గొంతు దరిద్రంగా ఉంది గానీ పాట బాగుందే. ఇది వీడు కట్టింది కాదు. ఎవర్రా కట్టింది?"

పెద్దయ్య కంప లాగి పారేశాడు. అడవి అడవంతా లోయలోకి దిగింది. తాయారు మూట నెత్తిన పెట్టుకుని అప్పుడే బయల్దేరుతోంది.

"ఎవరికీ చెప్పలేదు తల్లీ. దయ్యం కథ అల్లింది నేనే. తప్పయిపోయింది," అన్నాడు గంగులు తల వంచుకుని.

తాయారు వాణ్ని ఎగాదిగా చూసింది. మూట దించింది. "సరేలే. పోయి అందరికంటే వెనక కూర్చో," అంది. తర్వాత బురదనీళ్లు పుక్కిలించింది.

పాట మొదలైంది. అడవంతా వంత పాడింది. గంగులుకి ముందు పెద్దయ్య కూర్చున్నాడు కాబట్టి, వాడికి ఏనుగు వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. పక్కన ఒక తొండ తల ఊపుతూ వాడిని మోచేత్తో పొడిచింది.

"కొత్తవాళ్లులే, నీకు తెలీదు. ఈ అడవిలో వీళ్లని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే!"

'కాదు, నేనే!' అనబోయాడు గంగులు. కంప గీతలూ, వేపమండల వాతలూ చుర్రుమంటున్నాయి.

"అలాగా అన్నా! నాకూ ఆ పాట కాస్త నేర్పుదూ," అన్నాడు.

నీతి: నచ్చిన పాటను నలుగురికీ చెబితే అది అందరిదై నిలుస్తుంది, నాకొక్కడికే అని దాచుకుంటే చివరికి నీకూ మిగలదు.