ఏట్లో కలిసిన ఏలుబడి

అనగనగా ఒక ఊరు. ఊరంటే మన ఊరంత కాదే తల్లీ, మహానగరం. ఏరు సముద్రంలో కలిసే చోట ఉండేది కాబట్టి ఏటిమొగ అనేవాళ్ళు. కాళ్ళు లోపలికి ముడుచుకో, చెబుతాను.

మొదట అక్కడ తుంగ తప్ప ఏమీ లేదు. వానాకాలం వస్తే ఎటు చూసినా నీళ్ళే. అప్పుడు ఎర్రభూపతి అనే ఆయన వచ్చి, జనాన్ని కూడగట్టి, తనూ వాళ్ళతోపాటు తట్ట మోసి, ఏటి పొడుగునా కరకట్ట వేయించాడు. లోపల తాటి దుంగలు, మధ్యన మట్టి, పైన ఇటుక. కట్ట నిలిచాక పైరు నిలిచింది. పైరు నిలిచాక ఊరు నిలిచింది. ఆ తర్వాత రేవుకి ఓడలొచ్చాయి.

ఆయన కొడుకు కాలానికి అది పెద్ద సామ్రాజ్యం. కొండల అవతలి రాజులు కూడా కప్పం పంపేవాళ్ళు. కానీ చూడు, ఆ మహానుభావుడు అన్ని యుద్ధాలు గెలిచాడా, తన తర్వాత రాజెవరో ఒక్క ముక్క చెప్పకుండా కన్ను మూశాడు. ఏం మనుషులో!

ఆయనకి నలుగురు పిల్లలు. పెద్దది నాగసాని. ఆడపిల్ల కదా అని సింహాసనం మాట ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు, కాటయ, కొమ్మయ, దొడ్డయ. తల్లి చిన్నప్పుడే పోతే ముగ్గుర్నీ చంకనేసుకుని పెంచింది ఆ అక్కే.

తండ్రి పోయిన మర్నాడే మొదలైంది గొడవ. నేను రాజునంటే నేను రాజునని. పోనీ కొట్టుకుని ఊరుకున్నారా? లేదు. ఎవరికి వాళ్ళు కొలువు పెట్టారు. ఒక ఊరికి ముగ్గురు రాజులు!

కాటయకి తన పేరు మీద విజయస్తంభం కావాలనిపించింది. ఇటుక చాల్లేదు. అప్పుడు కరకట్ట మీది ఇటుక ఊడబీకించాడు. అది చూసి కొమ్మయ ఊరుకుంటాడా? నాకు కొత్త రథాలు కావాలన్నాడు. కట్టలోని తాటి దుంగలు లాగించాడు. ఆ తర్వాత దొడ్డయ, నాకు సైన్యం కావాలని, కట్టకి కాపలా ఉండే మనుషులందర్నీ పట్టుకుపోయాడు.

నాగసాని ఒకరోజు కట్ట మీద నడిచి వెళుతుంటే పాదం బురదలో దిగబడింది. వంగి చూసింది. కట్టలోంచి ఊరి వైపుకి నీరు ఊరుతోంది.

వెంటనే కాటయ దగ్గరికి పరుగెత్తింది. "కట్ట నానిపోతోందిరా తమ్ముడూ!" అంది.

"దుంగలు లాగింది కొమ్మయ కదక్కా, వాణ్ణడుగు," అన్నాడు కాటయ.

కొమ్మయ దగ్గరికి వెళ్ళింది. "నేను బాగుచేయిస్తే, అన్నకి భయపడి చేశాడంటారు," అన్నాడు వాడు.

ఇక మిగిలింది దొడ్డయ. "ముందు నా పట్టాభిషేకం కానీ అక్కా, ఆ తర్వాత చూద్దాం," అన్నాడు.

ఏమంటావు ఇలాంటి వాళ్ళని! "వాళ్ళక్క రెండు తగిలించలేదా అమ్మమ్మా?" అంటావా? మీసాలొచ్చిన తమ్ముళ్ళని ఎలా కొడుతుందే? తల బాదుకుంది, అంతే.

అప్పుడు ఇల్లిల్లూ తిరిగింది. "మెరక గుట్ట మీదికి పదండి. ముసలాళ్ళనీ పసిపిల్లల్నీ ముందు పంపండి, గొడ్ల కట్లు విప్పండి," అని గొంతు పోయేలా చెప్పింది. జనం ఏటిని ఎరిగినవాళ్ళు. మూటలు కట్టారు.

అది తెలిసి ముగ్గురు తమ్ముళ్ళూ మొదటిసారి ఒక్కటై వచ్చారు. ఎందుకనుకున్నావ్? అక్క మీద అరవడానికి!

"జనమంతా వెళ్ళిపోతే నేనెవరికి రాజుని?" అన్నాడు కాటయ.

"అదేరా నాయనా, ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటున్నది!" అంది నాగసాని. వాళ్ళని పక్కకి నెట్టి, నడవలేని ఒక ముసలమ్మని వీపున వేసుకుని గుట్టెక్కింది.

మర్నాడు పొద్దున కుండపోత వానకి కట్ట తెగింది. ఏరు నగరంలోకి గోడలా వచ్చింది. విజయస్తంభం ఒరిగింది. రథాలు తేలిపోయాయి. కోట, కొలువు, ధాన్యపు కొట్లు, అన్నీ బురద కిందికి పోయాయి. మనుషులు మాత్రం గుట్ట మీద ఉన్నారు. తమ్ముళ్ళూ ఈదుకుంటూ వచ్చి పడ్డారు. ఒకడి నెత్తిన కిరీటం, ఒకడి చేతిలో కత్తి, ఒకడి చేతిలో రాజుగారి తెల్లగొడుగు.

అంత వానలో, ఒళ్ళంతా బురదతో, మళ్ళీ మొదలుపెట్టారమ్మా! గుట్ట మీద ఎత్తుగా ఉన్న రాయి ఎవరిదని!

అప్పుడు, జనానికి గంజి కాస్తున్న నాగసాని చేతిలోని గరిటె కింద పడేసింది. "మిమ్మల్ని పెంచాను. బతిమాలాను. తిట్టాను. ఇంక నా వల్ల కాదురా," అంది. అటు తిరిగి కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ వాళ్ళు అక్క ఏడవడం చూడలేదు. రాయి గొడవ అక్కడే ఆగిపోయింది.

గంజి పొయ్యి వానకి ఆరిపోతోంది. అప్పుడు దొడ్డయ మెల్లగా వెళ్ళి, తెల్లగొడుగు తెరిచి, పొయ్యి మీద పట్టుకుని నిలబడ్డాడు. అది చూసి కొమ్మయ కత్తితో కంప కొట్టుకొచ్చాడు. కాటయ మాత్రం రాయి మీద ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడు. ఆకలి ఊరుకుంటుందా? చివరికి కిరీటం తీసి పక్కన పెట్టి, దిగొచ్చి చెయ్యి చాపాడు. నాగసాని కళ్ళు తుడుచుకుని వాడికీ ఒక దొప్ప నిండా గంజి పోసింది. ఏం చేస్తుంది, తమ్ముడాయె.

నగరం పోయిందని తెలిశాక కొండల అవతలి రాజులు కప్పం మానేశారు. సామ్రాజ్యం అక్కడితో సరి. నీళ్ళు తీశాక జనం ఏటి పైకి నడిచి, మెరక నేల చూసుకుని గుడిసెలు వేసుకున్నారు. ఆ తర్వాత పెద్దలంతా నాగసాని గుడిసె ముందుకొచ్చి, "తల్లీ, ఇక నువ్వే మా రాణివి," అన్నారు.

"రాణీ లేదు, గీణీ లేదు. ముందు నన్ను కాసేపు పడుకోనివ్వండి నాయనా!" అని తలుపు మూసుకుంది నాగసాని. తండ్రి పోయిన తర్వాత కంటి నిండా నిద్రపోవడం ఆమెకి అదే మొదలు. ముగ్గురు తమ్ముళ్ళూ గుమ్మం బయట కూర్చుని, ఎవరూ చప్పుడు చెయ్యకుండా కాపలా కాశారు.

కోటేమో ఏటికి, గొప్పేమో గాలికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి!