చెరిపే మీట

సోమలింగానికి మతిమరుపు మొదలైంది. పొద్దున తిన్నదేమిటో మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. అది పోతే పోనీ అనుకున్నాడు. కానీ ఆశ్రమం పెద్దస్వామి పోయేముందు కొండ మీద గడిపిన చివరి వానాకాలంలో పక్కనున్నవాడు తనొక్కడే. ఆయన అప్పుడు చెప్పిన మాటలు ఇంకెవరూ వినలేదు. అవి కూడా ఇలాగే జారిపోతే?

ఇప్పుడు ఆశ్రమం చూస్తున్న గురువు పూర్ణబోధులవారు అతనికో లాప్‌టాప్ ఇప్పించి, గుర్తున్నంతవరకూ రాసిపెట్టమన్నారు.

మనవాడు రాయడం తప్ప అన్నీ చేశాడు. ఇంటర్నెట్ తీసేశాడు. మెనూలన్నీ దాచేశాడు. పెద్దస్వామి వాడే పల్లెమాటల కింద ఎర్రగీతలు పడుతుంటే వాటినీ ఆపేశాడు. అక్షరాల సైజు పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ పెంచాడు. రోజుల తరబడి ఇదే భాగోతం. ఆఖరికి తెల్లటి తెర, దాని మీద మిణుకుమనే కర్సర్ మిగిలాయి. వాటిని చూస్తే ఇంకా భయం వేసింది.

ఒక వాక్యం కొట్టేవాడు. ఇది స్వామి అన్నదేనా, నేను కల్పించానా అని బెంగపడి చెరిపేసేవాడు. సాయంత్రానికి తెర మళ్ళీ తెల్లగా ఉండేది.

ఒకనాడు వాక్యం చెరిపేసి, నీళ్ళు తాగొచ్చి కూర్చున్నాడు. చెరిపింది ఏమిటో గుర్తుకు రాలేదు. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా రాలేదు. లాప్‌టాప్ చంకన పెట్టుకుని గురువు దగ్గరికి పరుగెత్తి, జరిగిందంతా చెప్పుకున్నాడు.

"అడ్డొచ్చేవన్నీ తీసేశాను స్వామీ. అయినా చెయ్యి ఆడటం లేదు. ఆయన అనని మాట ఆయన నోట పెడతానేమోనని భయం."

గురువు తెర వంక చూశారు.

"ఏ మీటతో చెరుపుతున్నావు?"

సోమలింగం మూలనున్న బ్యాక్‌స్పేస్ చూపించాడు. గురువు గోరు దూర్చి ఆ మీటను టక్కున పెకలించి, రొంటిని దోపుకున్నారు. తర్వాత లాప్‌టాప్ అతని ఒళ్ళోకి తోసి, రాయమని సైగ చేశారు.

సోమలింగం ఒక వాక్యం మొదలుపెట్టాడు. సగంలోనే అక్షరం తప్పింది. వేలు అలవాటుగా మూలకు పోయి, ఖాళీ గుంట తగిలి ఆగిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

"తప్పులు పడితే ఎలా స్వామీ?"

"దిద్దడానికి మేమింతమందిమి ఉన్నాం నాయనా. విన్నవాడివి నువ్వొక్కడివే."