సూరన్న కొత్త తుంటి, మేనకోడలి కొత్త కాపురం

పొన్నలంకలో సూరన్న కుటుంబానికి తమ తెలివి మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఊళ్ళోవాళ్ళు పది మాటలు విని ఒకటి చేస్తారనీ, తాము మాత్రం చెప్పిన మాట చెప్పినట్టు చేస్తామనీ సూరన్న అరుగు మీద కూర్చుని చెబుతుంటే భార్య మాణిక్యం, తమ్ముడు చిట్టబ్బాయి తలలూపేవాళ్ళు. ఊపమని చెప్పింది ఆయనే. ఆపమనడం మరిచిపోయిన రోజున భోజనాల దాకా ఊపుతూనే ఉండేవాళ్ళు.

సూరన్నకి ఓ పాత అంబాసిడర్ కారుంది, దాన్ని బాడుగకి తిప్పేవాడు. చెల్లెలు సత్యవేణికి హైమ పుట్టినప్పుడు ఆ పసిగుడ్డుని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఆ కారే. "నిన్ను అత్తారింటికి దింపేదీ నేనే తల్లీ, ఈ కార్లోనే" అని ఆ రోజే మాటిచ్చేశాడు. తీరా హైమకి పెళ్ళి కుదిరేసరికి సూరన్న తుంటి కీలు అరిగిపోయి కూర్చుంది. తన పిల్ల పరాయివాడి కారెక్కి వెళ్ళిపోతుందేమోనని ఆయనకి అన్నం సయించలేదు.

కీలు మార్చాలంది టౌన్లో డాక్టరమ్మ.

"ముందు టైరు వెనక్కీ, వెనకది ముందుకీ మార్చినట్టా అండి?" అన్నాడు సూరన్న.

"కాదండీ, కొత్తది వేస్తాం."

"అయితే పాతది మాకిచ్చెయ్యాలండి. మా మెకానిక్కు ఎప్పుడూ ఇచ్చేస్తాడు" అంది మాణిక్యం.

డాక్టరమ్మ అప్పుడే జాగ్రత్తపడాల్సింది. పడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళకి చూపించుకోడానికి వెళ్ళి, కారెప్పుడు నడపొచ్చని అడిగాడు సూరన్న. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "సీటు ఎత్తుగా ఉండాలి. ముందుకి వంగకూడదు. ఎక్కేటప్పుడు సీటు మీద ప్లాస్టిక్ సంచి వేసుకుంటే జారి తిరగడం సులువు. పక్కన ఎప్పుడూ ఒకరుండాలి. ముందు ఆగి ఉన్న కార్లోనే బ్రేకు తొక్కడం అలవాటు చేసుకోండి. నొప్పి లేకుండా గట్టిగా తొక్కగలిగాక నా దగ్గరికి రండి. నేను చూసి సరేననేదాకా కదిలే కారు నడపొద్దు."

ఇంకేముంది, ఇంటికి రాగానే పని మొదలైంది. ఒక సంచి మంచిదైతే పది సంచులు ఇంకా మంచివి కదా అని మాణిక్యం ఎరువుల సంచులన్నీ సీటు మీద పరిచి, పైన కొబ్బరినూనె కూడా రాసింది. పక్కన ఒకరుండాలన్నారు కాబట్టి చిట్టబ్బాయి అవతలి తలుపు బార్లా తీసి నిలబడ్డాడు. సూరన్న ఇటు కూర్చున్నాడు. అంతే, సర్రున జారి అటు తమ్ముడి మీద పడి, ఇద్దరూ కలిసి గడ్డిమేట్లో తేలారు.

"మంచి సంచులే" అన్నాడు సూరన్న, గడ్డి దులుపుకుంటూ.

తర్వాత సీటు ఎత్తు చేశారు. దిండు మీద దిండు వేసుకుంటూ పోతే తల టాపుకి కొట్టుకుంది. వంగుదామంటే వంగకూడదాయె.

"ఓ దిండు తీసేద్దామాండీ?" అంది మాణిక్యం.

"ఎత్తుగా ఉండాలందా లేదా డాక్టరమ్మ? దిండు ఆవిడ మాట ప్రకారమే ఉంది. అడ్డొచ్చింది టాపు."

చిట్టబ్బాయి రంపం తెచ్చి టాపుకి గుండ్రంగా చిల్లు కోశాడు. సూరన్న తల బయటికొచ్చింది. తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయట. ఇక్కడ తుంటి మారిస్తే కారు టాపు ఊడింది.

"గాలి బాగా తగుల్తోందిరా" అని మురిసిపోయాడు సూరన్న.

ఇక బ్రేకు. చిట్టబ్బాయి ఆగి ఉన్న కారు ముందుకి గేదెని తోలాడు. సూరన్న టక్కున బ్రేకు తొక్కాడు. కారు అంగుళం కదల్లేదు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. మళ్ళీ తోలారు, మళ్ళీ కదల్లేదు. గేదెకి విసుగొచ్చి కారు ముందే పడుకుంది. అయితే తొక్కినప్పుడల్లా కాస్త కలుక్కుమంటోందని సూరన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళలేదు.

ఇంతలో పెళ్ళి కూడా అయిపోయింది. పొద్దు గూకేలోగా హైమ చినపాలెంలో అత్తారి గడప కుడికాలితో దాటాలన్నాడు పురోహితుడు. వేరేవాళ్ళ కారు పూలు చుట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. దాన్ని చూసి సూరన్నకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడవకు అన్నియ్యా. ఆవిడ కదిలే కారు వద్దంది గానీ ట్రాక్టరు ట్రాలీ వద్దందా?" అన్నాడు చిట్టబ్బాయి.

అంతే, బల్లలు వేసి కారుని ట్రాలీ మీదికి ఎక్కించారు. కారు ఆగే ఉంది, కదిలేదల్లా ట్రాలీ. వెనక సీట్లో హైమ, పెళ్ళికొడుకు. పక్కన మాణిక్యం. టాపులోంచి సూరన్న తల. ట్రాక్టరు మీద చిట్టబ్బాయి. అత్తవారి వైపు పెద్దలకి ఎదురు చెప్పకురా అని పెళ్ళికొడుకుతో వాళ్ళమ్మ చెప్పి ఉంది పాపం, అతను బుద్ధిగా ఎక్కి కూర్చున్నాడు.

చినపాలెంలో అత్తగారు హారతి పళ్ళెంతో గడపలో నిలబడింది. సూరన్న గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు ఎప్పట్లాగే ఆగి ఉంది, ఇల్లు మాత్రం వెనక్కి వెళ్ళిపోయింది. చిట్టబ్బాయి తిరిగి చూడలేదు. నడిపేది అన్నియ్య అయినప్పుడు ఆపేదీ అన్నియ్యే కదా.

"మావయ్యా, మా అత్తగారిల్లు దాటిపోయింది" అంది హైమ.

"ఇల్లెక్కడికి పోతుందమ్మా? నాకు నొప్పి లేదు, అది చూడు. నొప్పి లేకపోతే రమ్మంది డాక్టరమ్మ. ఒరే చిట్టబ్బాయ్, టౌనుకి పోనీరా."

ట్రాలీ మీద కారు, కారు మీద తల చూసి డాక్టరమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. కాసేపటికి తేరుకుని పరీక్ష చేసింది. "తుంటి బ్రహ్మాండంగా ఉంది. ఇక నడుపుకోండి. ముందు ఆ కారుని కిందికి దించండి. దారిలో ఎక్కడా ఆగకుండా, తిన్నగా మీ ఇంటికెళ్ళి పడుకోండి నాయనా, మీకు దణ్ణం పెడతాను."

కారు నేల మీదికి దిగింది. సూరన్న స్టీరింగు పట్టుకున్నాడు. కాళ్ళ కింద కారు కదులుతుంటే ఆయనకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. చినపాలెంలో అత్తగారు మళ్ళీ హారతి వెలిగించింది.

"మావయ్యా, ఇదే ఇల్లు."

"తెలుసు తల్లీ. కానీ ఆగకూడదు."

పొన్నలంకలో సత్యవేణి, కూతుర్ని పంపించిన దిగులుతో ఇంకా ముక్కు చీదుతూనే ఉంది. కారు వాకిట్లో ఆగింది, వెనకే చిట్టబ్బాయి ట్రాక్టరూ.

"పిల్లని దింపి రమ్మంటే తెచ్చేశావేం అన్నయ్యా?"

"డాక్టరమ్మ తిన్నగా ఇంటికే వెళ్ళమందే."

సత్యవేణీ ఆ ఇంట్లో పుట్టిందే. "అదీ నిజమే" అంది.

హైమ మాత్రం ఏడుపు లంకించుకుంది. పొద్దు వాలుతోంది, గడప దాటలేదు. ఆ ఏడుపు సూరన్న చూడలేకపోయాడు. డాక్టరమ్మ ఇంటికెళ్ళి పడుకోమంది గనక తను మళ్ళీ బయల్దేరడానికి లేదు. మంచమెక్కి చాలాసేపు ఆలోచించాడు. ఆఖరికి తమ్ముణ్ణి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. చిట్టబ్బాయి ఎగిరి ట్రాక్టరెక్కాడు.

చినపాలెంలో అత్తగారు ముచ్చటగా మూడోసారి హారతి వెలిగించింది. ఈసారి ట్రాక్టరు ఆమె ముందే ఆగింది. చిట్టబ్బాయి గునపం భుజాన వేసుకుని దిగి, వినయంగా దణ్ణం పెట్టాడు.

"వదినగారూ, కాస్త పక్కకి జరుగుతారా అండి? పొద్దు గూకుతోంది, గడప పట్టికెళ్ళాలి."