చెప్పుల చోటు

1934వ సంవత్సరం జూలై తొమ్మిది, సోమవారం. ఆకాశం నిండా మబ్బే గాని చినుకు లేదు. పడమటి గాలి తెల్లవారకముందే లేచి, ఊళ్లోని దుమ్మంతా ఎత్తి తలుపుల మీద కొడుతోంది. ఆదోని వైపు ఆ నెలలో అంతే. వాన వస్తానని కబురు పెట్టి గాలిని పంపుతుంది. దూది ఏకేవాళ్లకు గాలి అంటే పడదు. ఇప్పుడంటే యంత్రాలు వచ్చి దూది ఏకే విల్లు చప్పుడే వినపడకుండా పోయింది గాని, ఆ రోజుల్లో గాలి లేచిందంటే తలుపులు మూసుకుని, ఆ ఉక్కలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేసేవాళ్లు.

ఆ పొద్దున హుస్సేనయ్య తాత ఇంటి గడప దగ్గర ఆరుగురు మనుషులు వట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు. చెప్పులు లేవు. తాత పాత తోలు చెప్పులతో సహా ఏడు జతలు పోయాయి. అక్కడే ఉండే శిష్యుడు మౌలాలి కూడా లేడు. అతని తెగిన చెప్పులు మాత్రం, తొడుక్కోవడానికి వీలుగా వాకిలి వైపు తిప్పిపెట్టి ఉన్నాయి.

"వాడు దొంగేనని చెప్పినానా లేదా?" అన్నాడు దస్తగిరి. శిష్యుల్లో అతనే పెద్ద.

హుస్సేనయ్య తాత దూదేకుల పీరు, అంటే వాళ్ల గురువు. పగలంతా శిష్యులతో కలిసి దూది ఏకేవాడు, జపం చేసేవాడు, అందరితో కలిసి నేల మీద పరిచిన ఒకే గుడ్డ చుట్టూ కూర్చుని తినేవాడు. ఉపన్యాసాలు ఎరగడు. ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. తప్పు చేసినవాడు మూడు పూటలు గడప దగ్గర, చెప్పుల చోట కూర్చుని తినాలి. లేచేముందు అందరి చెప్పులూ వాకిలి వైపు తిప్పిపెట్టాలి. నాలుగో పూట లోపలికి రావచ్చు.

మౌలాలి తప్పు ఏడాది కిందటిది. ఎవరో పరుపుకని ఇచ్చిన దూదిలోంచి రెండు గుప్పెళ్లు తల్లి తలగడకని తీసుకుపోయాడు. ఆమెకు మెడనొప్పి. నన్ను అడిగితే నేను ఇవ్వనా అని తాత అన్నాడు గాని, దస్తగిరి ఒప్పుకోలేదు. నమ్మి ఇచ్చిన దూది కదా. మౌలాలి మూడు పూటలు చెప్పుల చోట కూర్చున్నాడు. నాలుగో పూట లోపలికి వచ్చాడు. తరవాత ఏమయిందో గాని, అయిదో పూట తన రొట్టె తీసుకుని తనంతట తానే గడప దగ్గరికి పోయాడు. ఇక అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో సూది కనబడకపోయినా అందరి కళ్లూ గడప వైపు తిరిగేవి. ఊళ్లో కూడా 'చెప్పుల మౌలాలి' అనే పేరు పడింది.

దస్తగిరి వట్టి కాళ్లతోనే ఠాణాకు పోయి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. తాత విల్లు పక్కన పెట్టాడు.

"యాడికి పోయినావు?"

"ఠాణాకు తాతా. పేరు రాయించి వచ్చినా."

"ఏమని?"

"పాత దొంగ అని. కేడీల పుస్తకంలో ఎక్కిస్తామన్నారు."

ఆ పుస్తకంలోకి ఎక్కినవాడి బతుకు ఎట్లా ఉండేదో ఈ కాలం పిల్లలకు తెలియదు. చుట్టుపక్కల ఎక్కడ కోడి పోయినా ముందు అతన్నే పట్టుకొస్తారు. పొరుగూరిలో నిద్ర చేయాలన్నా ఠాణాలో చెప్పి పోవాలి.

"పాత అంటే ఎప్పటినించి?"

"దూది తీసినప్పటినించి."

తాత తన అరికాళ్లు చూసుకున్నాడు.

"దూది వాడు తీసినాడు దస్తగిరీ. చెప్పులు మనమే అప్పజెప్పినాం."

భోజనానికి గుడ్డ పరిచారు. తాత తన రొట్టె, పప్పుగిన్నె తీసుకుని గడప దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"అదేంది తాతా, లోపలికి రా," అన్నాడు దస్తగిరి.

"మా గురువు దగ్గర కొత్తగా చేరినవాళ్లందరం వారం రోజులు ఈడనే కూర్చుంటిమి. నేనూ కూర్చుంటి. అప్పుడిది శిక్ష కాదు. నువ్వు పెద్దవైనాక దీన్ని శిక్ష చేస్తివి, నేను చూసి ఊరుకుంటి. ఈ మూడు పూటలు నావి."

తాత ఆ పూట, సాయంత్రం, మంగళవారం మధ్యాహ్నం అక్కడే తిన్నాడు. గాలికి గడపలోంచి దుమ్ము వచ్చి పప్పులో పడుతుంటే చేత్తో మూసుకుని తిన్నాడు.

మంగళవారం సాయంత్రం, దీపం పెట్టకముందే, తాత లోపలికి వచ్చి మామూలు చోట కూర్చున్నాడు. అందరూ సర్దుకున్నారు. ఇటు దస్తగిరి, అటు ఇంకో శిష్యుడు మాబు కొంచెం పక్కకు జరిగారు. పెద్దాయన, మూడు పూటలు దుమ్ములో కూర్చుని వచ్చాడు, హాయిగా కూర్చోనీ అని.

తాత రొట్టె ముట్టలేదు. కుడిచెయ్యి చాపి, తనకూ దస్తగిరికీ మధ్య ఉన్న ఖాళీలో నేల మీద పెట్టి కొలిచాడు. సరిగ్గా జానెడు.

"వాడికి కూడా ఇంతే ఉండిందా?"

ఏడాది కిందట ఆ నాలుగో పూట మౌలాలి పక్కన కూర్చుని, ఇట్లాగే పక్కకు జరిగింది దస్తగిరే.

బుధవారం పొద్దున్నే అతను మళ్లీ ఠాణాకు పోయాడు. పేరు కొట్టేయమని ప్రాధేయపడ్డాడు. అక్కడి జవాను మంచివాడే, కూర్చోబెట్టి చెప్పాడు: "ఎక్కించడానికి కాగితం ఉంది అయ్యా. తీసెయ్యడానికి నేనెప్పుడూ చూళ్లేదు."

మౌలాలి మళ్లీ రాలేదు. గుంతకల్లులో ఒకసారి, బళ్లారిలో ఒకసారి పట్టుకెళ్లారని విన్నారు. చేసినదానికో చేయనిదానికో ఎవరికి తెలుసు. అప్పటినుంచి దస్తగిరి చెప్పులు తొడగలేదు. ఎవరైనా కొనిస్తే ఇంకొకరికి ఇచ్చేసేవాడు.

రెండేళ్లకు హుస్సేనయ్య తాత మంచాన పడి, అందరినీ పిలిచి పంపకం చేశాడు. విల్లూ, దాన్ని మీటే గూటమూ మాబుకు. జపమాల ఇంకో శిష్యుడు పక్కీరప్పకు, దాంతోపాటు తాను కూర్చునే గురువు చోటు కూడా. భోజనం గుడ్డ ఇంటికే. తన తల కింది తలగడ మౌలాలి తల్లికి. ఆ గురువు గద్దె దస్తగిరిదేనని ఊరంతా అనుకుంది. దస్తగిరికి ఏమీ రాలేదు. అతను అడగనూ లేదు.

తలగడ మోసుకుపోయి ఇచ్చింది మాత్రం అతనే. ముసలావిడ దాన్ని రెండు చేతులతో అందుకుని నొక్కి చూసింది.

"మా మౌలాలి పంపినాడా నాయనా?" అంది.

దస్తగిరి వట్టి చేతులతో అక్కడే నిలబడిపోయాడు.