పడుగు ఆరాక మోగిన గంట

చెప్పండి చూద్దాం పిల్లలూ, బడి గంట ఎప్పుడు మోగాలో ఎవరికి బాగా తెలుస్తుంది? పంతులుకా, రాజుగారికా? తొందరపడకండి. కథ విని చెబుదురు గాని.

అనగనగా, రాట్నాలు కోడికన్నా ముందు కూసే కాలాన, పోగులపాడని ఒక నేతగాళ్ల ఊరు. ఆ ఊళ్లో విస్సన్న పంతులు బడి పెట్టాడు. వసారాలో కంచు గంట, వెనక పెద్ద పెరడు, పెరట్లో వరసగా కానుగ చెట్లు. అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. పొద్దు పొడవగానే గంట కొడితే ముగ్గురు వచ్చేవారు. ఆ ముగ్గురూ కరణంగారి మనవలే.

సంగతి రాజుగారి చెవిన పడింది. "పున్నమికి వచ్చి చూస్తాను. బడి నిండకపోతే అక్కడ నా ఏనుగును కట్టేస్తాను" అని కబురంపాడు.

పున్నమిలోగా బడి నింపాలని పంతులు నడుం కట్టాడు.

మొదట దండోరా వేయించాడు. ఊరు విన్నది, మగ్గం ఆడించుకున్నది. రెండోసారి పప్పుబెల్లాలు పంచాడు. పిల్లలు వచ్చారు, తిన్నారు, మూతి తుడుచుకుని వెళ్లారు.

"వీళ్లకి చదువు విలువ తెలియదు" అనుకున్నాడు పంతులు.

మూడోసారి గంట కొట్టకుండా తానే నేతవీధికి నడిచాడు. చూస్తే ఏముంది! వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలు పడుగు, అదే మగ్గానికెక్కించే నిలువు పోగుల వరస, సాగి ఉంది. పెద్దలు గంజి పెట్టి కుంచెలతో దువ్వుతున్నారు. పిల్లలు రెండు పక్కలా నిలబడి తెగిన పోగులు అతుకుతున్నారు. ఎండెక్కితే గంజి బిరుసెక్కి నూలు పాడవుతుంది మరి.

"దారి తప్పారా పంతులుగారూ?" అంది నాంచారమ్మ. ఆ వీధికంతటికీ పెద్దదిక్కు ఆమే.

"పిల్లల కోసం వచ్చానమ్మా. బడికెందుకు పంపరు?"

"మీరు గంట కొట్టేవేళకి మా పడుగు తడిగా ఉంటుంది. ఈ చిన్నవేళ్లు లేకపోతే పోగు ఎవరతుకుతారు, మీ గంటా? ఒక్కనాడైనా మమ్మల్ని అడిగారా?"

పంతులు తల వంచాడు. "అడగలేదు తల్లీ, తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్నాను. గంట ఎప్పుడు కొట్టమంటావు?"

"పడుగు ఆరాక" అంది నాంచారమ్మ. "మీ పెరట్లో నీడుంది కదా. పడుగు అక్కడే సాచుకుంటాం. ఆరగానే పిల్లలు అటునుంచి అటే లోపలికొస్తారు. గంట మటుకు నేనే కొడతాను."

"కొట్టు తల్లీ" అన్నాడు పంతులు.

పున్నమి వచ్చింది. రాజు వచ్చాడు, వెనకే ఏనుగు వచ్చింది. పెరట్లో కానుగల నీడన పడుగు సాగి ఉంది. నేతవీధి ముసలాయన భావనయ్య తాత పోగులు చూపిస్తూ పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు. నాంచారమ్మ నూలును వేలితో తడిమి చూసి, వెళ్లి గంట కొట్టింది. అరవైమంది పిల్లలు బిలబిలా లోపలికి పోయారు.

"గంట నువ్వు కదా కొట్టాలి, పంతులూ?" అన్నాడు రాజు.

"నేను కొట్టినన్నాళ్లూ వచ్చింది ముగ్గురే, ప్రభూ."

రాజు పకపకా నవ్వాడు.

"మరి ఏనుగునెక్కడ కట్టను దొరా?" అన్నాడు మావటి.

"ఎక్కడైనా కట్టు నాయనా, మా పడుగుకు దూరంగా" అంది నాంచారమ్మ.

ఏనుగు వచ్చిన దారినే వెళ్లిపోయింది.

విన్నారుగా? ఇక లేస్తాను, చింతపండులో ఇంకా సగం గింజలు తీయాలి. ఈలోపు ఈ మాట గుర్తుంచుకోండి: అడిగి కలుపుకుంటే ఊరంతా బడికి అండ.